ఎర్ర ట్యాగు మీద నా సంతకం

మీరు ఫోనులో ఎవరిదో హాస్యం వీడియో చూస్తారు. కింద ‘ఇదీ ఒక కామెడీయేనా, నీ మొహం’ అని రాస్తారు. రాసి మర్చిపోతారు. తప్పు పట్టడానికి నేనెవర్ని? ఆ పని మీకంటే ముందు మేము చేశాం, ఫోన్లు లేకుండా, చేత్తో. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, దానికి దారం కట్టి, ఆ దారాన్ని మనిషి చొక్కా గుండీకి ముడేసేవాళ్లం. ఆ ముడుల్లో ఒకటి నేను వేసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనేమోనని చెబుతున్నాను.

నేను నాచారంలో, మంచినీళ్ల, మురుగునీళ్ల పైపులకు వాల్వులు తయారుచేసే ఒక కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇన్‌స్పెక్టర్ అనగానే టోపీ, లాఠీ ఊహించుకోకండి. చేతిలో ఒక మైక్రోమీటరు, జేబులో మూడు రంగుల ట్యాగులు, అంతే నా దర్జా. లేత్ మిషన్ల మీద తయారైన ప్రతి ముక్కా నా బల్ల మీదికి రావాలి. కొలత సరిపోతే పచ్చ ట్యాగు. కాస్త సవరిస్తే పనికొస్తుందనుకుంటే పసుపు. పనికిరాదనుకుంటే ఎరుపు. ప్రతి ట్యాగు మీదా మూడు గళ్లుండేవి: వస్తువు, లోపం, ఇన్‌స్పెక్టర్ సంతకం. ఎర్ర ట్యాగు పడ్డ ముక్కకు ఎర్ర రంగు పూసి స్క్రాపు యార్డులో పడేసేవారు.

ఒకసారి ఎవరో ఆ రంగును థిన్నరుతో తుడిచి, ముక్కను మళ్లీ లైన్లోకి తోసేశారు. పట్టుకున్నాను. షెడ్డులో అందర్నీ నిలబెట్టి అరగంట వాయించాను. “ఎర్ర రంగు పడిన పీసు మళ్లీ లైన్లోకి రాకూడదు. ఎవరొచ్చి చెప్పినా రాకూడదు. నేనే వచ్చి చెప్పినా రాకూడదు!” అన్నాను. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. ‘ఆయన ఓకే అంటే ఇక తిరుగులేదు’ అనే పేరు నాకు కంపెనీలో ఉండేది. ఆ పేరంటే నాకు ప్రాణం.

ఇక హాస్యం సంగతి. నెలకో శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, క్యాంటీన్ హాల్లో గంటసేపు నవ్వుల కార్యక్రమం జరిగేది. ఎవరైనా మైకు ముందుకొచ్చి ఏదైనా చెప్పొచ్చు. పేరుకు ఎవరైనా. నిజానికి అది మా మొదటి వరుస సొత్తు. మొదటి వరుసంటే ఓ ఆరుగురం, ఆఫీసర్లు, సూపర్వైజర్లు, నేను. మాకు పెద్ద దిక్కు స్టోర్స్ ఆఫీసరు, మేమంతా పెద్దాయన అనేవాళ్లం. సైనిక్‌పురిలో ఆయన ఇంట్లో ఒక బీరువా నిండా హాస్య నాటికల క్యాసెట్లు ఉండేవి. ఆదివారం పూట వెళ్లి ఆ క్యాసెట్లు వింటూ, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వకూడదో నేర్చుకున్నాం. టీవీలో కామెడీ కార్యక్రమాలు చూసి పడీ పడీ నవ్వేవాళ్లను మేము మనుషుల్లో జమకట్టేవాళ్లం కాదు.

మాకో పద్ధతుండేది. పెద్దాయన తల ఊపేదాకా మొదటి వరుసలో ఎవరూ నవ్వకూడదు. వెనక హాలంతా నవ్వుతూ కుర్చీలు కదిలిస్తున్నా, మేము ఆరుగురం చేతులు కట్టుకుని, కొలతకు అందని ముక్కను చూసినట్టు చూస్తూ కూర్చునేవాళ్లం. ఎవడైనా ముందే నవ్వితే ‘తొందర మనిషి’ అని వారం రోజులు ఏడిపించేవాళ్లం. తాగుబోతు నటన కుదరదు. సినిమావాళ్ల గొంతులు కుదరవు. ఆడవేషాలు కుదరవు. చెడ్డ నియమాలని ఇప్పటికీ అనను. కానీ మాలో ఒక్కడంటే ఒక్కడు ఎన్నడూ ఆ మైకు పట్టుకోలేదు. పట్టుకుంటే ఎవరూ నవ్వరని మాకు లోపల తెలుసేమో.

ట్యాగులు మొదలైంది సరదాకే. ఒక కుర్రాడు బాగా చెబితే పెద్దాయన నా జేబులోంచి పచ్చ ట్యాగు లాగి వాడి గుండీకి కట్టాడు. హాలంతా చప్పట్లు. మరుసటి నెల ఇంకొకడికి ఎర్రది కట్టాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. అప్పట్నుంచి అదే ఆచారమైపోయింది. లోపం అనే గడిలో ‘పాతది’ అనో, ‘అరువు’ అనో, ‘అతి’ అనో రాసేవాళ్లం. కట్టిన ట్యాగును సాయంత్రం గేటు దాటేదాకా విప్పకూడదు. కొందరు నవ్వుతూనే కట్టించుకునేవారు. కొందరు మళ్లీ మైకు వైపు వచ్చేవారు కాదు. వాళ్లు రాకపోతే ప్రమాణాలు పెరిగాయని మేము సంబరపడేవాళ్లం. ఖర్మ!

మా షెడ్డులో లేత్ నడిపే టర్నర్ ఒకడు ఉండేవాడు. ఉప్పల్ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. నేను కోస్తా నుంచి వచ్చి హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి, అతని తాతలు ఉప్పల్‌లోనే పుట్టినవాళ్లు. లేత్ మీద అతని చెయ్యి బంగారం. మూడు నెలలకు ఒక్క ఎర్ర ట్యాగు పడితే గొప్ప. అంతకంటే గొప్ప విద్య ఇంకోటుంది అతని దగ్గర. టీ టైములో మిషన్ల చేత మాట్లాడించేవాడు.

పాత లేత్ అతని గొంతులో ఒక ముసలమ్మ. “ఓ కొడుకా, పొద్దుగాల సంది నన్ను గిర్రగిర్ర తిప్పుతనే ఉన్నవ్. జర నూనె సుక్క పొయ్యరాదుర? మేనేజర్ కారుకైతె పోస్తరు, నాకు పోసెటందుకు మీకు చేతులు రావు.” పైన కప్పు కింద నడిచే క్రేన్ అతని గొంతులో పెళ్లికి పిలిస్తే బెట్టు చేసే బావ. “పిలిచిన్రా? వస్తున్న... వస్తున్న... పిలువంగనే ఉరికొస్తె ఇజ్జత్ ఉంటదా నాకు?” డ్రిల్లింగ్ మిషన్‌కు మాటకు మాటకు మధ్య ఊపిరే ఉండేది కాదు. అతను చెబుతుంటే నిజంగా ఆ మిషన్లు అవే మాటలు అంటున్నాయనిపించేది. ఇప్పటికీ ఎక్కడైనా క్రేన్ కదులుతుంటే నాకు ఆ బావే కనిపిస్తాడు.

దాచడం దేనికి, ఆ టీ టైముకు నేను కొలత పనిముట్లుండే గేజ్ రూముకు చుట్టుదారిన వెళ్లేవాణ్ణి. స్తంభం పక్కన నిలబడి, ఏదో కాగితం చదువుతున్నట్టు నటిస్తూ వినేవాణ్ణి. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పబోతే ఆవిడ, “మీరు చెబితే నవ్వు రావట్లేదండీ, అతన్నే ఓసారి తీసుకురండి,” అనేది.

రాష్ట్రం విడిపోవడానికి ఓ నాలుగేళ్ల ముందు మాట. ఊరంతా ఉద్యమం. కంపెనీలో ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా మేమూ వాళ్లూ జాగ్రత్తగా మాట్లాడుకునే రోజులు. ఆ సంవత్సరం కుటుంబాల దినానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. ఏడాదికోసారి ఉద్యోగుల ఇంటివాళ్లందరూ కంపెనీకొచ్చి, మిషన్లు చూసి, భోంచేసి, కాసేపు కార్యక్రమాలు చూసి వెళ్లేవారు. అందులో హాస్యం అంశం ఒక్కటే. దాన్ని ఎంపిక చేసేది మొదటి వరుస. టర్నర్ ఏనాడూ మైకు దగ్గరికి రానివాడు, ఆసారి పేరిచ్చాడు.

వాల్వుల్లో తిరిగే ఇనుప కడ్డీలు, అంటే స్పిండిళ్లు, ఒక బ్యాచ్ నా బల్ల మీద పెడుతూ తనే చెప్పాడు. “ఇంట్ల నన్ను ఎవ్వలు నమ్ముతలేరు సార్. ఇంట్ల నాకు మాటనే రాదు. కంపెనీల నేను మాట్లాడితె మంది నవ్వుతరంటె మా బిడ్డ ‘ఉత్తగ చెప్తున్నవ్ నాయిన’ అంటది. ఇంటర్ సదువుతుంది. ఒక్కసారి సూపియ్యాలె సార్ దానికి.”

“దానికేం, చూపిద్దువుగానీ,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఎంపిక శనివారం హాలు కిక్కిరిసింది. టర్నర్ నీలం యూనిఫాంలోనే వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ. ముసలమ్మ వచ్చింది, బావ వచ్చాడు, వెనక జనం కుర్చీలెక్కారు. మేము ఆరుగురం చేతులు కట్టుకున్నాం. నేను నవ్వు ఆపుకోవడానికి లోపల్నుంచి బుగ్గలు కొరుక్కుంటున్నాను. అప్పుడు అతను జేబులోంచి లేని కళ్లద్దాలు తీశాడు. నుదుటి మీదికి తోసుకున్నాడు. ఒక స్పిండిల్‌ను ముక్కు దగ్గరికి తెచ్చి, వాసన చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూశాడు. అది నేను.

“ఏవండీ స్పిండిల్ గారూ, తమరు కొంచెం లావయ్యారండీ. వెంట్రుకలో సగం. ఏం తింటున్నారండీ ఇంట్లో? అలా పక్కన కూర్చోండి, ఎర్ర రంగు వేస్తాం,” అన్నాడు, అచ్చం నా గొంతుతో. వెంటనే గొంతు మార్చి స్పిండిల్ అయిపోయాడు. “సార్, నేను మోరీ పైపుల వడి పోయెటోన్ని సార్! నాకేమన్న పెండ్లిసూపులా?”

హాలు పేలిపోయింది. పెద్దాయన తల ఊపలేదు. అయినా నాకు నవ్వొచ్చేసింది. ముక్కులోంచి ఒక్కసారిగా బుస్సున వచ్చింది. అంత బాగుంది మరి! నిజంగా నేను అలాగే చూస్తానని, మురుగునీటి పైపుకు పోయేదాన్ని పెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తానని, ఇరవయ్యేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ నవ్వు ఓ క్షణం. తర్వాత చూస్తే హాలంతా నావైపే చూస్తోంది. మొదటి వరుసలో ఐదుగురూ నావైపే తిరిగారు. ఇంతమంది నవ్వుతోంది నా మీద. ఒళ్లు మండిపోయింది. పెద్దాయన చిరునవ్వుతో నా జేబులోంచే మూడు ట్యాగులూ తీసి నా ఒళ్లో పెట్టాడు. “మీ మీద కాబట్టి తీర్పు మీదే. నిష్పక్షపాతంగా చెప్పండి,” అన్నాడు.

నేను ఎరుపు తీశాను. లోపం అనే గడిలో ‘స్థాయి లేదు’ అని రాశాను. సంతకం పెట్టాను. అక్కడితో ఆగినా కొంత మానం దక్కేది. లేచి ఉపన్యాసం కూడా ఇచ్చాను. మనిషిని వెక్కిరించడం హాస్యం కాదన్నాను. హాస్యానికి సంస్కారం కావాలన్నాను. చివర్లో, “భాషలో కూడా కాస్త శుభ్రత ఉండాలి,” అన్నాను.

వెనకనుంచి ఒక గొంతు లేచింది. “మా భాషల ఏం మైల ఉన్నది సార్?”

నేనా మాట ఎందుకన్నానో నాకు తెలుసు. నా ‘ఏవండీ’ని అతను ఎత్తి చూపించాడు, అందుకని అతని మాటను నేను తొక్కాను. ఆ రోజుల్లో ఆ మాట ఎంత లోతుకు దిగుతుందో తెలిసే అన్నాను. ఇది రాస్తుంటే కూడా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గొడవ కాకుండా ఆపింది టర్నరే. “ఊకో అన్నా, ఆట అన్నంక గెలుసుడుంటది, ఓడుడుంటది,” అని వెనక్కి చూసి చెప్పి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. “కట్టుండ్రి సార్.” ముడి సరిగ్గా పడలేదు. అతనే దారం కొస పట్టుకుని సాయం చేశాడు.

మంచినీళ్ల ఫిల్టరు దగ్గర డ్రాయింగ్ సెక్షన్ మేడమ్ నన్ను పట్టుకుంది. రెండో వరుసలో సరిగ్గా నా వెనక కూర్చునే మనిషి, మొహమాటం ఎరగదు. “మీరు నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మీరే. నేను విన్నాను,” అంది.

“దగ్గొచ్చిందమ్మా,” అన్నాను.

ఆమె నావైపు ఒక చూపు చూసి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయింది. నా సర్వీసు మొత్తంలో కొలత సరిపోయిన ముక్కకు ఎర్ర ట్యాగు కట్టింది ఆ ఒక్కసారే. అది ఇనుము కాదు కాబట్టి ఎవరూ తిరిగి కొలవరని నా ధైర్యం.

కుటుంబాల దినం వచ్చింది. మేము ఎంపిక చేసిన నాటికను అకౌంట్స్ వాళ్లు వేశారు. మాటల్లో ఒక్క దోషం లేదు. పెద్దాయన తల ఊపినప్పుడల్లా ఆరుగురం నవ్వాం. వెనక పిల్లలు ఆకలని గోల పెట్టారు. భోజనాల దగ్గర పెద్దాయనా నేనూ నిలబడి నాటిక గొప్పదనం మాట్లాడుకుంటుంటే, టర్నర్ భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని మా దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ట్యాగు సంగతి ఇంట్లో చెప్పలేదని అతని మొహం చూస్తేనే తెలిసింది.

“గీ సారే బిడ్డా, ఇన్‌స్పెక్టర్ సార్. ఈయన ఓకే అంటె కంపెనీల ఇంకెవ్వలు మాట్లాడరు,” అన్నాడు.

ఆ పిల్ల రెండు జడలేసుకుంది. దణ్ణం పెట్టింది. తండ్రి వైపు ఓసారి చూసి నన్నడిగింది. “సార్, మీరు చెప్తె నమ్ముత. మా నాయిన నిజంగనే అందర్ని నవ్విస్తడా?”

అవును అంటే సరిపోయేది. మూడక్షరాలు. ఇంకో మాట అక్కర్లేదు. అతను దానికోసమే తీసుకొచ్చాడు, స్టేజీ దొరకనందుకు కనీసం ఈ సాక్ష్యమైనా దొరుకుతుందని. టర్నర్ నా కళ్లలోకి చూస్తున్నాడు. నా పక్కన పెద్దాయన ప్లేటు పట్టుకుని వింటున్నాడు. మొన్న ‘స్థాయి లేదు’ అని రాసినవాణ్ణి ఇవాళ అవునంటే ఆయన ఏమనుకుంటాడు? నాకు ఆ క్షణంలో తట్టింది అదొక్కటే.

“ప్రయత్నం చేస్తుంటాడమ్మా,” అన్నాను.

పెద్దాయన కిసుక్కున నవ్వాడు. తల ఊపి మరీ. నా జీవితంలో మొదటి వరుసను నవ్వించిన మాట అదొక్కటే. ఆ పిల్ల తలొంచుకుని, “గంతేనా,” అంది మెల్లగా. టర్నర్ ఆమె భుజం మీద చెయ్యేసి, “పా బిడ్డ, తిందాం పా,” అని తీసుకెళ్లిపోయాడు.

ఆ సోమవారం నుంచి షెడ్డులో ముసలమ్మ మాట్లాడలేదు. బావ కూడా రాలేదు. ఎవరైనా, “అన్నా, జర క్రేన్‌ది చెయ్యే,” అని అడిగితే, “యాదికి లేదే,” అనేవాడు. కోపం చూపించలేదు, పనిలో తేడా రానివ్వలేదు, నాకు రోజూ నమస్తే పెట్టేవాడు. అతను తిట్టినా నేను కొంచెం తేలికపడేవాణ్ణి. టీ టైములో జనం గ్లాసులు పట్టుకుని ఎవరి మానాన వాళ్లు నిలబడేవారు. నేను అలవాటుకొద్దీ చుట్టుదారిన వెళ్లి, స్తంభం పక్కన కాగితం పట్టుకుని నిలబడి, మిషన్ల చప్పుడు విని వచ్చేవాణ్ణి. వట్టి చప్పుడు.

పెద్దాయన రిటైరయ్యాడు. శనివారాలు వాటంతటవే ఆగిపోయాయి. మొదటి వరుస లేకపోతే ప్రమాణాలు ఏమైపోతాయోనని బెంగపడ్డాం గానీ, ఎవరూ మమ్మల్ని అడగలేదు. రాష్ట్రం వచ్చింది. క్యాంటీన్‌లో మిఠాయి పంచారు. టర్నర్ నా బల్ల దగ్గరికి కూడా తెచ్చి, “తీస్కోండ్రి సార్,” అన్నాడు. తీసుకున్నాను. ఆ రోజైనా చెప్పాల్సింది.

నా వంతు వచ్చింది. ఆఖరి రోజు పొద్దున, ఇంకా దండలూ ఉపన్యాసాలూ మొదలవకముందు, జేబులోంచి ఒక పచ్చ ట్యాగు తీశాను. వస్తువు అనే గడిలో అతని అంశం పేరు రాశాను. కింద, ‘ఎర్ర ట్యాగు పొరపాటు. పొరపాటు కాదు, అన్యాయం. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు’ అని రాశాను. సంతకం పెట్టాను. అది పట్టుకుని అతని లేత్ దగ్గరికి వెళ్లాను.

అతను మిషన్ ఆపాడు. చేతులు తుడుచుకుని ట్యాగు అందుకున్నాడు. మెల్లగా రెండుసార్లు చదివాడు.

“మీరు నవ్విన్రని నాకు ఎరుకే సార్. మైకు కాడికెళ్లి మొదటి వరుస మంచిగ కనవడ్తది,” అన్నాడు. “గందుకే నా బిడ్డను సక్కగ మీ కాడికే తోలుకొచ్చిన.”

నేను ఒక అడుగు ముందుకేసి అన్నాను. “మీ అమ్మాయితో నేను మాట్లాడతానయ్యా. ఇవాళే ఇంటికొస్తాను. నేను అబద్ధమాడానని నా నోటితో చెబుతాను. తను నమ్ముతుంది.”

అతను ట్యాగును నా చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత, లేని కళ్లద్దాలు తీసి నుదుటి మీదికి తోసుకున్నాడు. నాలుగైదేళ్ల తర్వాత మళ్లీ, నా ఒక్కడి ముందు, అచ్చం నా గొంతుతో అన్నాడు.

“ఎర్ర రంగు పడిన పీసు గారు మళ్లీ లైన్లోకి రాకూడదండీ. ఎవరొచ్చి చెప్పినా రాకూడదండీ. నేనే వచ్చి చెప్పినా రాకూడదండీ.”

నాకు నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు, దగ్గనీ చెప్పలేదు. అతను నవ్వలేదు. మిషన్ ఆన్ చేసి తర్వాతి పీసు బిగించుకున్నాడు.